బరువు తగ్గితే బీపీ మాత్ర మానేయవచ్చా?

మీ అమ్మగారికి 52 ఏళ్లని, 84 కిలోల బరువుందని, బీపీ మాత్ర వాడుతున్నారని రాశారు. బరువు తగ్గితే మాత్ర మానేయవచ్చా అని అడిగారు. బరువు తగ్గితే బీపీ తగ్గుతుందండీ. మాత్ర తగ్గించడం, మానడం మాత్రం డాక్టరు చెప్తేనే. మా అమ్మ విషయంలో నేను చూసింది చెప్తాను.

మాది విజయనగరం. నాలుగేళ్ల కిందట అమ్మ బరువు 81 కిలోలు, ఎత్తు ఐదడుగులు. బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 35 దగ్గర. మనవాళ్లకి 25 దాటితేనే ఊబకాయం కింద లెక్క. వీధి చివర మందుల షాపులో బీపీ చూపిస్తే 176/104 వచ్చింది. హడలిపోయాం. మర్నాడు డాక్టరు గారు అమ్మ చెయ్యి చూసి వెడల్పాటి పట్టీ తెప్పించారు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోబెట్టి చూస్తే 158/96. లావు చేతికి చిన్న పట్టీ కడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. మీరూ ఇది గమనించండి. అయినా 158 తక్కువేం కాదు, మందులు మొదలయ్యాయి.

పొట్ట దగ్గర కొవ్వు పెరిగితే కిడ్నీలు ఉప్పునీ నీటినీ సరిగా బయటికి పంపలేవు, అందుకే బీపీ ఎక్కుతుందని అప్పుడే తెలిసింది. ఇంటికొచ్చి ఉప్పు లెక్క వేశాను. మనిషికి రోజుకి 5 గ్రాములు దాటకూడదంటారు, అంటే మా నలుగురికి నెలకి 600 గ్రాములు. మాకు కిలోన్నర అయ్యేది! ఆవకాయ, ఎండుచేపల ఉప్పు దానికి అదనం. రాత్రి అన్నం మాన్పించి, ఉప్పు వేయని చోడి (రాగి) అంబలి మజ్జిగతో ఇచ్చాం. పొద్దున్నే అయ్యకోనేరు గట్టు మీద నడక.

ఐదు నెలల్లో ఐదు కిలోలు తగ్గింది. బీపీ మాత్రం 150 దగ్గరే ఆగిపోయింది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు. ఒకరోజు పోపుల డబ్బాలో జీలకర్ర కోసం చెయ్యి పెడితే నొప్పి మాత్రల అట్ట దొరికింది, సగం ఖాళీ. నడిస్తే మోకాళ్లు లాగేస్తున్నాయని, చెప్తే నడక మాన్పిస్తామని, మాకు తెలియకుండా రోజూ వేసుకుంటోంది. అలాంటి నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి, కిడ్నీలనీ దెబ్బతీస్తాయి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు మా చుట్టాలున్నారు, కిడ్నీ జబ్బంటే ఏమిటో మా ఇంట్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆ రోజే డాక్టరుతో మాట్లాడి అవి ఆపించాం. మోకాళ్లకి వ్యాయామాలు నేర్పించారు, నడక కొన్నాళ్లు తగ్గించారు.

ఇప్పుడు అమ్మ 73 కిలోలు. బీపీ 130 అటూ ఇటూ ఉంటోంది. రెండు మాత్రల్లో ఒకటి డాక్టరే తీసేశారు, రెండోది ఇంకా వాడుతోంది. సన్నబడిపోలేదు, ఎనిమిది కిలోలకే ఇంత తేడా.

మీ అమ్మగారు నొప్పి మాత్రలేమైనా వాడుతున్నారేమో కోప్పడకుండా అడగండి. గట్టిగా గురక పెడుతుంటే ఆ సంగతీ డాక్టరుకి చెప్పండి. నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు లావుగా ఉన్నవాళ్లకి ఎక్కువ, అది ఉంటే బీపీ ఓ పట్టాన దిగదు.