బీబీఏ చదివి ఫ్యాషన్ డిజైన్‌లోకి రావచ్చా? వచ్చినదాన్ని కాబట్టి చెబుతున్నాను

బీబీఏ ఫైనల్ ఇయర్‌లో ఉన్నానని, బొమ్మలు బాగా వేస్తానని, ఇంట్లో మాత్రం ఎంబీఏ చేయమంటున్నారని రాశారు. డిజైన్ డిగ్రీ లేకుండా సొంతంగా బట్టలు డిజైన్ చేసి బతకగలనా అని అడిగారు. బతకొచ్చు. నేను గుంటూరులో బీబీఏ చేశాను. ఏడేళ్లుగా మంగళగిరి కాటన్‌తో కుర్తీలు, బ్లౌజులు డిజైన్ చేసి అమ్ముతున్నాను. హైదరాబాద్ డిజైనర్ గౌరాంగ్ షా కూడా డిజైన్ స్కూల్లో చదివిన మనిషి కాదు. చేనేత మీద పట్టుతోనే ఎదిగారు, 'మహానటి' దుస్తులకు జాతీయ అవార్డు పంచుకున్నారు.

అయితే బొమ్మలు వేయడం ఒకటి, బట్ట కుట్టడం ఒకటి. ముందు కత్తెర పట్టడం నేర్చుకోండి. డిగ్రీ అవ్వగానే నేను మా వీధిలో టైలర్ మాస్టర్ దగ్గర ఏడాది పనికి కూర్చున్నాను. మొదటి రెండు నెలలు హెమ్మింగ్, హుక్కులు, కాజాలు, అంతే. తర్వాత పాత పేపర్ల మీద బ్లౌజ్ కటింగ్ వేయించారు. చంక దగ్గర అర అంగుళం తేడా వస్తే వేసుకున్నావిడ చెయ్యి పైకెత్తలేదని అక్కడే తెలిసింది. నేను నోటుబుక్కులో గీసుకున్న వాటిలో సగం కుట్టడానికే వీల్లేనివని కూడా అప్పుడే తెలిసింది. ఈ రోజు మా మాస్టర్ "అలా రాదమ్మా" అంటే, ఎందుకు రాదో, ఎక్కడ కలీ (అదనపు గుడ్డ ముక్క) పెడితే వస్తుందో కూర్చుని మాట్లాడగలుగుతున్నానంటే ఆ ఏడాది వల్లే.

నా మొదటి ఆర్డర్ 30 కుర్తీలు. అమ్మ చీటీ పాడి ఇచ్చిన డబ్బు. గుడ్డ తెచ్చి తెచ్చినట్టే కట్ చేయించాను. మొదటి ఉతుకుకే కురచైపోయాయని ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. మగ్గం మీద నూలు బిగుతుగా లాగి ఉంటుంది, పైన గంజి ఉంటుంది. నీళ్లు తగిలితే నూలు సడలి దగ్గరపడుతుంది. పదకొండు మందికి డబ్బు వెనక్కిచ్చాను. ఆ వారం సరిగా నిద్రపోలేదు. అప్పటినుంచి ఏ తాను వచ్చినా నానబెట్టి, నీడలో ఆరబెట్టి, మళ్లీ కొలిచాకే కత్తెర. ముదురు రంగులైతే తెల్లగుడ్డతో కలిపి ఉతికి, రంగు దిగుతుందేమో కూడా చూస్తాను.

మీ బీబీఏ వృథా అనుకోకండి. క్లాసులో కాస్టింగ్ (ఖర్చుల లెక్క) అంటే ఒక పేపరు. ఇక్కడ అది డిజైన్‌లో భాగం. ఉదాహరణకు 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో బట్ట ధర 2,500 రూపాయల వరకు ఉంటే జీఎస్టీ 5 శాతం, దాటితే 18 శాతం. 2,500 రూపాయల కుర్తీ కొనేవాళ్లకు 2,625 పడుతుంది. అదే 2,600 అయితే 3,068 పడుతుంది. ధర 100 పెంచితే వాళ్ల చేతి నుంచి 443 అదనంగా పోతుంది. అందుకే మెడ చుట్టూ మగ్గం వర్క్ ఎంత పెట్టాలో బొమ్మ గీసేటప్పుడే లెక్కేస్తాను. వెనక్కి వచ్చే సరుకు, కొరియర్, అమ్ముడుపోక మిగిలే సైజులు కూడా మొదటి రోజే లెక్కలోకి రావాలి.

ఇంకొకటి, నేసేవాళ్ల దగ్గరికి స్వయంగా వెళ్లండి. మంగళగిరిలో గుంట మగ్గం (గుంతలో కాళ్లు పెట్టి నేసేది) మీద నేసిన బట్టకి అసలు అందం అంచులోనే ఉంటుంది, ఒళ్లు సాదా. నిజాం అంచు అనే ఆ జరీ అంచుని చేతుల దగ్గర పెట్టాలా, వెనక నడుమ నిలువుగా దించాలా అని ఆలోచించడమే నాకు డిజైన్ నేర్పింది. పోచంపల్లిలో "శాంపిల్‌కి ఒక్క చీర నేసివ్వండి" అని అడిగితే కష్టం. చిటికి కట్టి (రంగు అంటకూడని చోట నూలుకి ముడులు బిగించి), రంగులద్ది, పడుగు (నిలువు పోగులు) ఒకసారి మగ్గానికి ఎక్కించారంటే ఏడెనిమిది చీరలు వరసగా అదే డిజైన్‌లో దిగుతాయి. అన్నిటికీ అడ్వాన్స్ ఇచ్చే ధైర్యం ఉంటేనే డిజైన్ మార్చమని అడగండి. ధర మాత్రం బేరమాడొద్దు. దయచేసి.

ఇంట్లో పీజీ తప్పదంటే నిఫ్ట్ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) ఉంది. అక్కడ రెండేళ్ల ఫ్యాషన్ మేనేజ్‌మెంట్, డిజైన్ పీజీ కోర్సులకు ఏ డిగ్రీ ఉన్నా ప్రవేశ పరీక్ష రాయొచ్చు. హైదరాబాద్ మాదాపూర్‌లో క్యాంపస్ ఉంది. ఎంబీఏ అంటున్న నాన్నగారితో మాట్లాడటానికి ఇది మంచి దారి. మా ఇంట్లో నేను ఆ మాట చెప్పలేకపోయాను, రెండేళ్లు గొడవలయ్యాయి.

లోగో, పేరు, ఇన్‌స్టా పేజీ ఇప్పుడే వద్దు. ఈ సెలవుల్లో మీ కొలతలతో ఒక కుర్తీ మీరే కట్ చేసి, కుట్టి, నాలుగుసార్లు ఉతికి వేసుకోండి. ఫోటో కింద కామెంట్‌లో పెట్టండి, చంక దగ్గర ఎలా కూర్చుందో చూసి చెప్తాను.