గ్రీన్ కార్డు మెడికల్ గురించి మా అమ్మడికి

అమ్మడూ,

మీ డేట్ కరెంట్ అయిందని, అంటే గ్రీన్ కార్డు క్యూలో మీ వంతు వచ్చిందని, గ్రీన్ కార్డు దరఖాస్తు ఐ-485 వేస్తున్నారని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. చాలా సంతోషమేసింది. కానీ రిపోర్టుకు గడువే లేదని అల్లుడుగారు ఎక్కడో చదివారని, మెడికల్ తర్వాత చూసుకుందాంలే అనుకుంటున్నారట. ఆ పని మాత్రం చెయ్యకండి.

2024 డిసెంబర్ 2 నుంచి ఐ-693 అనే మెడికల్ రిపోర్టు ఐ-485తోపాటే వెళ్లాలి. అది లేకపోతే మొత్తం ప్యాకెట్ తిప్పి పంపేయవచ్చు. ఈలోపు, ఎవరి వంతు ఎంతవరకు వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌లో డేట్ వెనక్కి పోయిందంటే మళ్లీ ఎన్నేళ్లు ఆగాలో ఎవరూ చెప్పలేరు.

మేం 2020 అక్టోబర్‌లో వేశాం. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక రకమైన ఈబీ-3లో, ఇండియా వాళ్లు దరఖాస్తు వేసుకోగలిగే ఫైలింగ్ డేట్ ఒక్కసారిగా 2015 జనవరికి రావడంతో మనవాళ్లంతా క్లినిక్‌ల మీద పడ్డారు. అప్పుడు డాక్టర్ సంతకం చేసిన నాటి నుంచి రెండేళ్లే గడువు. మా కేసు కదలకముందే అది దాటిపోయింది. పిన్నీ నేనూ మళ్లీ రక్తం ఇచ్చి, మళ్లీ డబ్బు కట్టాం. ఆ బాధ మీకు వద్దనే ఇంతగా చెబుతున్నాను.

2023 నవంబర్ 1 నుంచి సంతకం చేసిన రిపోర్టుకు గడువే లేదని 2024 ఏప్రిల్‌లో అమెరికా ఇమ్మిగ్రేషన్ వాళ్లు ప్రకటించారు. అల్లుడుగారు చదివింది అదే అయ్యుంటుంది. 2025 జూన్ 11న దాన్ని మార్చారు. ఇప్పుడు ఏ దరఖాస్తుతో పంపితే, ఆ దరఖాస్తు పెండింగ్‌లో ఉన్నంతవరకే రిపోర్టు చెల్లుతుంది. దరఖాస్తును మీరు వెనక్కి తీసుకున్నా, వాళ్లు తిరస్కరించినా రిపోర్టు కూడా పోయినట్టే. రేపు నీ కేసు వదిలేసి అల్లుడుగారి కేసు మీద కొత్తగా వేద్దామనుకుంటే, మెడికల్ మళ్లీ మొదటి నుంచే. ఆ ఆలోచన ఉంటే ముందే లాయర్‌తో మాట్లాడు.

మెడికల్ మామూలు డాక్టర్ దగ్గర చెల్లదు, సివిల్ సర్జన్, అంటే ఈ పరీక్షలకు ఇమ్మిగ్రేషన్ వాళ్లు అనుమతించిన డాక్టర్ దగ్గరే చేయించుకోవాలి. ఫీజు ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, నాలుగు చోట్ల కనుక్కో. డాక్టర్ రిపోర్టు పెట్టి సీలు వేసి ఇచ్చిన కవరు ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకు. నీ కోసం ఒక కాపీ విడిగా అడిగి తీసుకో.

టీబీ పరీక్ష గురించి టెన్షన్ వద్దు. చిన్నప్పుడు వేసిన బీసీజీ (టీబీ టీకా) వల్ల చర్మపరీక్షలో పాజిటివ్ రావచ్చు గానీ, ఇప్పుడు చేసేది రక్తపరీక్ష, బీసీజీ ప్రభావం దాని మీద ఉండదు. ఒకవేళ పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే కూడా తీస్తారు, దానికి టైం పడుతుంది. అందుకని చివరి వారం దాకా ఆగకుండా వెళ్లండి. కోవిడ్ టీకా 2025 జనవరి నుంచి అడగడం లేదు.

నీ చిన్నప్పటి టీకాల కార్డు వదిన బీరువాలో ఉండాలి. ఈ రాత్రే ఫోన్ చేసి ఫొటో పంపమను. దొరక్కపోతే తట్టు, ఆటలమ్మ, హెపటైటిస్-బి లాంటి వాటికి రోగనిరోధక శక్తి ఉందో లేదో రక్తపరీక్షలో తెలుస్తుంది. లేకపోతే టీకా వేస్తారు.

ఇట్లు,
మీ బాబాయి