గర్భసంచి ఆపరేషన్ వద్దనే హక్కు నాకుందా?

మీరడిగింది ఇదీ: వయసు 37, ఇద్దరు పిల్లలు, నాలుగేళ్లుగా పొత్తికడుపులో, నడుంలో నొప్పి. డాక్టరు గర్భసంచి తీసేయాలన్నారు. మీవారూ అత్తగారూ సరేనన్నారు, మీకు మాత్రం మనసొప్పడం లేదు. వద్దనే హక్కు నాకు అసలుందా అని.

ఉంది. ఔననాలన్నా వద్దనాలన్నా ఆ మాట మీరే చెప్పాలి. మీవారి సంతకం ఆసుపత్రి వాళ్లు తమ జాగ్రత్త కోసం తీసుకుంటారు. మీరు మేజరు, స్పృహలో ఉన్నారు, మీ మంచి చెడ్డలు మీకు తెలుసు. అలాంటప్పుడు మీ సంతకానికి బదులు ఆయన సంతకం చెల్లదు.

నాకు ఈ సంగతి చాలా అధ్వాన్నమైన పద్ధతిలో తెలిసింది. అప్పుడు నాకు 36. ప్రైవేటు స్కూల్లో టీచర్ని. నెలలో పది రోజులు కుర్చీ వీపు పట్టుకుని నిలబడి పాఠం చెప్పేదాన్ని. డేట్ వచ్చిన మొదటి రెండు రోజులు మెఫ్తాల్ వేసుకుంటే గానీ బస్సెక్కలేకపోయేదాన్ని. మా ఊరి ఆర్‌ఎంపీ పక్క టౌన్లో ఒక నర్సింగ్ హోంకి పంపాడు. స్కానింగ్ తీశారు. "గర్భసంచి వాచింది. పిల్లలయ్యారు కదా, ఇంకా దాంతో ఏం పని?" అన్నారు డాక్టరు. అదీ మా ఆయనతో. నేను పక్క స్టూలు మీదే కూర్చుని ఉన్నాను.

ఆపరేషన్ రోజు పొద్దున్నే ఎనిమా ఇచ్చారు, చేతికి క్యాన్యులా పెట్టారు, గౌను వేశారు. మా ఆయన కౌంటర్ దగ్గర సంతకం పెట్టి ఫారం నర్సు చేతికిచ్చారు. పేపర్లు దిద్దే చెయ్యి కదా, ఊరుకోదు. ఇలా ఇవ్వమ్మా అని తీసుకుని చూశాను. మొత్తం ఇంగ్లీషు. రిస్కులు రాయాల్సిన గడులన్నీ ఖాళీ. ఆపరేషన్ పేరు దగ్గర పెన్నుతో 'టీఏహెచ్ ప్లస్ బీఎస్ఓ' అని ఉంది. మొదటిది గర్భసంచి తీయడమని అప్పటికే తెలుసు. రెండోదేంటి సిస్టర్ అన్నాను. "రెండు వైపులా అండాశయాలు కూడా తీస్తారమ్మా. ఎట్లాగూ తెరుస్తున్నారు కదా" అంది.

ఎట్లాగూ తెరుస్తున్నారు కదా! రిపేరుకిచ్చిన మిక్సీ అనుకున్నారేమో.

ఆ వయసులో రెండు అండాశయాలూ తీసేస్తే ముట్లు ఉన్నపళంగా ఆగిపోయినట్టే. ఒంట్లో ఆవిర్లు, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. ముందు ముందు ఎముకలు గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. క్యాన్సర్ లాంటి గట్టి కారణం ఉంటే తీయాల్సిందే, కాదనను. నా రిపోర్టులో అలాంటిదేమీ లేదు. అడిగితే "వయసయ్యాక క్యాన్సర్ రాకుండా" అన్నారు.

లేచి, గౌను మీదే చున్నీ కప్పుకుని బయటికొచ్చేశాను. తీరా గేటు దాకా వచ్చాక చేతికి క్యాన్యులా అలాగే ఉందని గుర్తొచ్చింది. అది తీయించుకోవడానికి మళ్లీ అదే నర్సు దగ్గరికెళ్లి నిలబడ్డాను. అడ్వాన్సులో సగం కూడా తిరిగి రాలేదు. మా ఆయన మూడు నెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అందుకే 'హక్కుంది, వద్దనెయ్యండి' అని మీకు తేలిగ్గా చెప్పలేను. వద్దన్నాక ఇంట్లో ఎలా ఉంటుందో నాకు తెలుసు.

చట్టం సంగతి తర్వాత చదువుకున్నాను. మన కేసు లాంటిదే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది, సమీరా కోహ్లీ కేసు. 1995లో, 44 ఏళ్లప్పుడు, ఆమె ఎక్కువ రోజులు బ్లీడింగ్ అవుతోందని ఆసుపత్రికి వెళ్లింది. మత్తిచ్చి లోపల పరీక్ష మాత్రమే చేయాలి. మత్తులో ఉండగా బయట కూర్చున్న ఆమె తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. 2008 జనవరిలో తీర్పొచ్చింది. పరీక్షకి ఒప్పుకుంటే ఆపరేషన్‌కి ఒప్పుకున్నట్టు కాదు, ప్రాణం మీదికి వస్తే తప్ప పేషెంటు మెలకువ వచ్చేదాకా ఆగి ఆమెనే అడగాలి, తల్లి ఒప్పుకోలు చెల్లదు అని. ఏం చేస్తారు, ఎందుకు, వేరే దారులేమున్నాయి, ముఖ్యమైన రిస్కులేంటి, చేయించుకోకపోతే ఏమవుతుంది, ఇవన్నీ చెప్పాకే తీసుకున్న సంతకం సంతకమని కూడా అన్నారు. ఆమెకిచ్చిన పరిహారం మాత్రం 25,000 రూపాయలు. పదమూడేళ్లకి!

మన రెండు రాష్ట్రాల్లో ఇది ఇంటింటి కథ. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. మా అత్తగారికి 32కే తీశారు. అందుకే ఆవిడకి నా మొండితనం అర్థం కాలేదు.

తర్వాత హైదరాబాద్‌లో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ ప్రిస్క్రిప్షన్ వెనక బొమ్మ గీసి చూపించింది. గర్భసంచి లోపలి పొర దాని కండరంలోకి చొచ్చుకుపోయింది, దాన్ని ఎడినోమయోసిస్ అంటారట. నొప్పి మాత్రలు, హార్మోన్ మాత్రలు, హార్మోన్ లూపు, ఆపరేషన్, లేదా ముట్లాగేదాకా ఓర్చుకోవడం, అన్నీ చెప్పింది. "ఈ నొప్పికి ఆపరేషన్ పని చేస్తుంది, అబద్ధం చెప్పను. కానీ తొందరేమీ లేదు" అంది. ఎండోమెట్రియోసిస్ అయితే లెక్క వేరట. ఆ పొర గర్భసంచి బయట కూడా ఉంటుంది కాబట్టి సంచి తీసినా నొప్పి మిగలొచ్చు. పేగుల వల్లో, మూత్రాశయం వల్లో, అక్కడి కండరాల వల్లో వచ్చే నొప్పి ఉంటుంది, దానికి సంచి తీసి లాభం లేదు. మీ రిపోర్టులో ఏ పేరు రాశారో మీరు చెప్పలేదు. ముందు అది అడగండి. 'వాపు', 'పుండు' అని చెప్తే సరిపోదు. కేస్ షీటు, రిపోర్టుల కాపీలు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది డాక్టర్ల నియమాల్లోనే ఉంది. వాటితో ఇంకో చోట చూపించుకోండి.

నేను లూపు వేయించుకున్నాను. నాలుగు నెలలు చుక్క చుక్కగా కనిపిస్తూనే ఉండేది, తీసేయమని రెండుసార్లు పరిగెత్తాను. ఐదో నెల నుంచి తేరుకున్నాను. మూడేళ్లు బాగా గడిచాయి. తర్వాత నొప్పి మళ్లీ మొదలైంది, ఈసారి మాత్రలకి లొంగలేదు. 41కి గర్భసంచి తీయించుకున్నాను.

అవును, అదే ఆపరేషన్. అండాశయాలు ఉంచాలని ఫారంలో రాయించాకే సంతకం పెట్టాను. ముట్టు నొప్పి పోయింది. నడుం నొప్పి సగమే తగ్గింది, అది వెన్నుదట. ఫిజియోథెరపీ నడుస్తోంది. "ఆనాడే తీయించుకుంటే ఐదేళ్ల బాధ తప్పేదిగా" అని చుట్టాలు ఇప్పటికీ అంటారు. తప్పేదేమో. అండాశయాలు కూడా పోయేవి, ఎందుకు పోయాయో నాకు తెలిసేది కూడా కాదు.

మా తోటికోడలు మాత్రం 39కి, అన్నీ అడిగి తెలుసుకుని, వెంటనే తీయించుకుంది. "పొలం పనికి పోయేదాన్ని, నెల నెలా మాత్రలు మింగుతూ కూర్చోలేను" అంది. సుఖంగా ఉంది. ఆమెని తప్పు పట్టడానికి నేనెవర్ని?

ఒక్క జాగ్రత్త. మీవారితో కలిసినప్పుడు రక్తం కనిపించినా, ముట్లాగాక మళ్లీ బ్లీడింగ్ అయినా, డాక్టరు క్యాన్సర్ అనుమానం అన్నా, 'నా ఇష్టం' అని నాన్చకండి. ఆ పరీక్షలు వెంటనే చేయించుకోండి. ఆపరేషన్ మాట తర్వాత.

ఈసారి వెళ్లేటప్పుడు ఒక్కరే వెళ్లకండి, మీ తరఫున నిలబడే మనిషిని తీసుకెళ్లండి. నేను మా చిన్నమ్మని తీసుకెళ్లాను. ఆవిడకి ఇంగ్లీషు ముక్క రాదు. బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, డాక్టరు గబగబా చెప్పేసినప్పుడల్లా "మా పిల్లకి ఇంకోసారి చెప్పమ్మా" అనేది. మూడుసార్లు చెప్పించింది.