కాలిపర్ పట్టుకునే ముందు

చిరంజీవి చిన్నారికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

మీ కళాశాల కబడ్డీ జట్టు అమ్మాయిలకు కొవ్వు శాతం నువ్వే కొలవబోతున్నావనీ, అందుకు చర్మపు మడత మందాన్ని కొలిచే కాలిపర్ కూడా కొన్నావనీ మీ అమ్మ ఫోనులో చెప్పింది. గర్వంగానే ఉంది కానీ, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

పద్ధతి కష్టమైనదేమీ కాదు. కుడివైపే కొలవాలి. చర్మాన్నీ దాని కింది కొవ్వునూ కండ నుంచి విడదీసి రెండు వేళ్లతో పట్టుకుని, ఒక సెంటీమీటరు దూరంలో కాలిపర్ ఉంచి, పట్టు వదలకుండా రెండు సెకన్లకు అంకె చూడాలి. జబ్బ వెనుక, తుంటి ఎముక పైన, తొడ ముందుభాగం ఒక చుట్టు అయ్యాకే రెండో చుట్టు మొదలుపెట్టు. నూనె రాసుకున్న ఒంటి మీద కొలవకు.

ఇక నా తప్పు సంగతి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా జట్టులో పంతొమ్మిదేళ్ల రైడర్ ఉండేది. మొదటిసారి భుజం ఎముక కొస నుంచి మోచేతి దాకా టేపు పట్టి, సరిగ్గా సగంలో పెన్నుతో గుర్తు పెట్టి కొలిచాను. మూడు చోట్లా కలిపి 40 మిల్లీమీటర్లు వచ్చింది. జాక్సన్, పొలాక్, వార్డ్ అనే పరిశోధకులు 1980లో స్త్రీలకు ఇచ్చిన సూత్రం ప్రకారం అది సుమారు 16.6 శాతం. ఆరు వారాల తర్వాత, బస్సుకు వేళవుతోందన్న తొందరలో, సాధన ముగించి చెమటతో నిలబడ్డ పిల్లను టేపు లేకుండా, గుర్తు లేకుండా, కంటి అంచనాతో కొలిచాను. ఈసారి 45 వచ్చింది, అంటే 18.4 శాతం. వ్యాయామం చేసిన వెంటనే చర్మంలోకి రక్తం, నీరు చేరి మడత మందంగా కనిపిస్తుందని నాకు తెలియనిది కాదు. అయినా ఆ అయిదు మిల్లీమీటర్లు ఆమె ఒంట్లో పెరిగినవో, నా వేళ్ల కింద పుట్టినవో ఆలోచించకుండా, జట్టంతా వింటుండగా "కొవ్వు పెరిగింది, రాత్రి భోజనం తగ్గించు" అన్నాను. ఆ పిల్ల తగ్గించలేదు, పూర్తిగా మానేసింది. పదిహేనో రోజున కూతకు బయలుదేరి, మధ్యగీత దాటకముందే కళ్లు తిరిగి పడిపోయింది. ఇంటికి వెళ్లి కోలుకుని వచ్చాక గుర్తు పెట్టి కొలిస్తే మళ్లీ 40 వచ్చింది.

కాబట్టి ఎవరి అంకె వారికే, గది తలుపు వేసి చెప్పు. ఎంత జాగ్రత్తగా కొలిచినా మూడు నాలుగు శాతం అటూ ఇటూ కావచ్చు. పైగా ఆ సూత్రం అమెరికా స్త్రీలను కొలిచి కట్టినది. పుణే వైద్యుడు యాజ్ఞిక్, లండన్ వైద్యుడు యడ్కిన్ ఇద్దరి బీఎంఐ (ఎత్తుతో పోల్చి బరువును చూపే అంకె) 22.3 అయినా, కొవ్వు మాత్రం మనవాడికి 21.2 శాతం, ఆయనకు 9.1 శాతం ఉందని 2004లో వారే ప్రచురించారు. అందువల్ల శాతాన్ని పక్కన పెట్టి, మిల్లీమీటర్ల మొత్తాన్ని పుస్తకంలో రాసుకుని, ఏ అమ్మాయి అంకెను ఆమె పాత అంకెతోనే పోల్చు.

పదో తరగతిలో ఎవరో ఏదో అన్నారని నెల రోజులు పెరుగన్నం ముట్టని పిల్లవు నువ్వు; నీకు ఇంతకంటే చెప్పనక్కరలేదు. సంక్రాంతికి వచ్చేటప్పుడు కాలిపర్ తెచ్చుకో. జట్టు అమ్మాయిలను ముట్టుకునే ముందు నా జబ్బ మీద ఇరవై సార్లు కొలిచి చూపించు. ఈ వయసులో మడతకు నా దగ్గర కొదవ లేదు.

ఇట్లు,
నీ పెద్దమ్మ