అరవై దాటాక ఓపిక తగ్గితే: మాత్రల కన్నా ముందు కాళ్లకు పని చెప్పండి

చెన్నై టి.నగర్‌లో ఉండే మీ నాన్నగారికి 62 ఏళ్లనీ, సాయంత్రం నాలుగయ్యేసరికి నీరసపడిపోతున్నారనీ రాశారు. "కణాలకు శక్తి" అంటూ అమ్మే ఎన్‌ఎంఎన్ మాత్రలు కొనాలా, సహజంగా ఏమైనా చేయొచ్చా అని మీ ప్రశ్న. మాత్రలు ఇప్పుడే కొనకండి. కణాలు శక్తి తయారుచేసుకోవడానికి వాడే ఎన్‌ఏడీ అనే పదార్థాన్ని అవి రక్తంలో పెంచే మాట నిజమే గానీ, దానివల్ల పెద్దవాళ్లకు రోజువారీ ఓపిక పెరుగుతుందనడానికి గట్టి ఆధారం ఇంకా లేదు.

ముందు రక్తపరీక్షలు చేయించండి: సీబీసీ (రక్తకణాల లెక్క), టీఎస్‌హెచ్ (థైరాయిడ్), బీ12, విటమిన్ డి, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు). శాకాహారులకూ, షుగరుకు ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లకూ బీ12 పడిపోవడం మామూలే. ఆ లోటు ఉంటే ఎంత నడిచినా నీరసం వదలదు.

ఇక కణాల సంగతి. శక్తి తయారయ్యేది కణం లోపలుండే మైటోకాండ్రియా అనే చిన్న భాగాల్లో. అవి దండిగా ఉండేది కండరాల్లో. ఒంట్లోకెల్లా పెద్ద కండరాలు తొడల్లో, పిరుదుల్లో ఉన్నాయి. వయసుతో కండ ఎలాగూ కరుగుతుంది, వాడకపోతే మరీ తొందరగా కరుగుతుంది. అందుకే నేనైతే కుర్చీతోనే మొదలుపెట్టమంటాను.

చేతుల్లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి వేయండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, మడమలు మోకాళ్ల కన్నా కాస్త వెనక్కి పెట్టి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవాలి. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో లెక్కపెట్టండి. 60–64 ఏళ్ల మగవాళ్లు 14 కన్నా తక్కువ, ఆడవాళ్లు 12 కన్నా తక్కువ చేస్తే కాళ్లలో బలం తగ్గినట్టే. అభ్యాసమైతే వారానికి మూడు రోజులు, రోజు విడిచి రోజు, పదేసి చొప్పున మూడు విడతలు. లేచేటప్పుడు ఊపిరి వదలాలి. బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. అందరూ తప్పు చేసేది కూర్చునేటప్పుడు: దబ్బున కూలబడతారు. మూడు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగాలి, కండకు సగం పని ఆ దిగడంలోనే ఉంది. మోకాళ్లు లోపలికి వాలకుండా చూడండి. ఇది తేలికైపోయాక లీటరు నీళ్ల సీసాలు రెండు సంచీలో వేసి గుండెకు హత్తుకుని చేయమనండి.

కండ పెరగాలంటే దానికి ముడిసరుకు కావాలి. మూడు ఇడ్లీలు, చట్నీ తింటే దక్కే ప్రోటీన్ ఆరేడు గ్రాములు. పొంగల్‌తోనూ పెద్ద తేడా ఉండదు. ఈ వయసులో కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు, అంటే 60 కిలోల మనిషికి రోజుకు 60–72 గ్రాములు కావాలి, అదీ పూటకు 20–25 చొప్పున. 60 గ్రాముల పెసలతో పోసిన పెసరట్లలో దాదాపు 14 గ్రాములు వస్తుంది. పక్కన రెండు గుడ్లు, లేదా 50 గ్రాముల పనీరు పెట్టండి. మధ్యాహ్నం పల్చటి సాంబారును నమ్ముకోకుండా మన ముద్దపప్పు వండండి. సాయంత్రం బజ్జీల బదులు గుప్పెడు సెనగల సుండల్ (గుగ్గిళ్లు). క్రియాటినిన్ ఎక్కువుంటే మాత్రం డాక్టరును అడగకుండా ప్రోటీన్ పెంచొద్దు.

నడక వారానికి 150 నిమిషాలు. నటేశన్ పార్కు దగ్గరే కదా, ఎండాకాలంలో పొద్దున ఆరున్నరకల్లా ముగించేయాలి. చెన్నై ఉక్కలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. మామూలు నడక మధ్యలో ఒక్క నిమిషం మాట తడబడేంత వేగంగా, రెండు నిమిషాలు నింపాదిగా, ఇలా ఐదుసార్లు. భోజనం అయ్యాక పది నిమిషాలు వరండాలో తిరిగినా షుగరు అంతగా ఎగబాకదు. నడిచేటప్పుడు ఛాతీ బరువెక్కితే ఆపేసి గుండె డాక్టరును కలవాలి.

ఉపవాసంతో కణాలు శుభ్రపడతాయా అనీ అడిగారు. కణం తన చెత్తను తానే అరిగించుకునే పద్ధతి మీద చేసిన పరిశోధనకు జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి 2016లో నోబెల్ వచ్చింది, ఆయన పని చేసింది ఈస్ట్ కణాల మీద. ఇన్ని గంటలు కడుపు మాడ్చుకుంటే ఇంత శుభ్రమవుతుందని మనిషికి లెక్క కట్టలేం. రాత్రి ఏడుకు తినడం ముగించి పొద్దున ఏడుకు మొదలుపెడితే చాలు. అంతకన్నా సాగదీస్తే తిండి తగ్గి కండే పోతుంది. షుగరుకు గ్లిమెపిరైడ్ మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడుతుంటే డాక్టరు చెప్పకుండా పూట మానకూడదు, షుగరు పడిపోతుంది.

విటమిన్ సి, ఇ మాత్రలు పెద్ద మోతాదులో వేసుకుంటే వ్యాయామం వల్ల కలిగే మేలు తగ్గినట్టు 2009లో ఒక అధ్యయనంలో తేలింది. ఉసిరికాయ, జామకాయ తినిపించండి.

చివరిగా నిద్ర. ఐదింటికి తాగిన ఫిల్టర్ కాఫీలో దాదాపు సగం కెఫీన్ రాత్రి పదికి కూడా ఒంట్లోనే ఉంటుంది, ఆఖరి కాఫీ రెండు లోపే కానివ్వండి. ఆయన గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు అనిపిస్తుందేమో మీ అమ్మగారిని అడగండి. అలా ఉంటే ముందు స్లీప్ స్టడీ (నిద్రలో ఊపిరిని గమనించే పరీక్ష) చేయించండి, పగటి నీరసానికి అసలు కారణం అదే కావచ్చు.