ఆయన రానంటున్నారు.. నేనొక్కదాన్నే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ తీసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. పెళ్లై తొమ్మిదేళ్లయింది. ఒక పాప. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. ఏడాదిగా మా మధ్య నోరు తెరిస్తే గొడవే. గిన్నెలు తోమలేదనో, పాప హోంవర్క్ చూడలేదనో మొదలై ఎక్కడికో పోతుంది. ఆ తర్వాత ఆయన రెండు మూడు రోజులు మాట్లాడరు. రాత్రి 2 గంటలకు మెలకువ వస్తే ఇక నిద్ర పట్టదు. ఆఫీసు నుంచి చిన్న మెయిల్ వచ్చినా గుండె దడ. ఆన్‌లైన్ కౌన్సెలింగ్ తీసుకుందామంటే ‘మనింటి సంగతి ఎవరికో చెప్పుకోవాలా?’ అంటున్నారు. నిద్ర పట్టనప్పుడు ఫోన్‌లో ఏఐ చాట్ యాప్‌తో అన్నీ చెప్పుకుంటున్నాను. కాస్త తేలికపడుతోంది. అది చాలదా? నేనొక్కదాన్నే కౌన్సెలింగ్ తీసుకుంటే ఫలితం ఉంటుందా? మందులు వాడాల్సి వస్తుందా?
– ఓ పాఠకురాలు

సమాధానం: ఒక్కరే తీసుకోవచ్చు. ఇద్దరూ కలిసి కూర్చుంటేనే కౌన్సెలింగ్ అనుకుని, రానన్నవారి కోసం ఏళ్లకేళ్లు ఆగిపోయేవాళ్లను చూస్తుంటాను. ఈలోపు నిద్ర దూరమవుతుంది, ఆకలి పోతుంది, పిల్లల మీద విసుగు పెరుగుతుంది. మీవారిని ఒప్పించడం తర్వాతి మాట. ముందు మీ సంగతి చూద్దాం.

గొడవకు ఇద్దరు కావాలి కాబట్టి, అందులో ఒకరి మాట తీరు మారినా గొడవ దారి మారుతుంది. దంపతుల గొడవలను దశాబ్దాలపాటు పరిశీలించిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ నాలుగు అలవాట్లు ప్రమాదకరమని చెప్పారు. పనిని కాకుండా మనిషిని తప్పుపట్టడం, చులకన చేయడం, ప్రతి మాటకూ సమర్థించుకోవడం, అసలు మాట్లాడకుండా గోడలా ఉండిపోవడం. ‘నువ్వెప్పుడూ ఇంతే, ఇల్లు పట్టదు’ అన్నామంటే అవతలివారు గిన్నెల సంగతి వదిలేసి తమను తాము కాపాడుకునే పనిలో పడతారు. ‘ఈ వారం మూడు రోజులు నేనే తోమాను, ఈ రాత్రి నువ్వు చూసుకో’ అన్నా కోపం రావచ్చు. కానీ గొడవ గిన్నెల దగ్గరే ఆగుతుంది. చెప్పడానికి తేలికే, కోపంలో ఉన్నప్పుడు నోటికి రాదు. కౌన్సెలింగ్‌లో చేయించేది చాలావరకు ఈ సాధనే.

మీవారి మౌనం గురించి ఒక మాట. గొడవలో కొందరికి గుండె వేగం నిమిషానికి 100 దాటిపోతుంది. ఆ స్థితిలో ఎదుటి మాట చెవికెక్కదు, నోరు మూసుకుపోతుంది. అలాంటప్పుడు కనీసం 20 నిమిషాలు పక్కకు వెళ్లడం మంచిదే. అయితే వెళ్లేవారు ‘ఇప్పుడు నావల్ల కాదు, పాప పడుకున్నాక మాట్లాడదాం’ అని టైమ్ చెప్పి వెళ్లాలి. మూడు రోజుల మౌనాన్ని ఈ లెక్కలో వేయలేం. దాన్ని మొదటి సెషన్‌లోనే కౌన్సెలర్ ముందు పెట్టండి.

ఇక చాట్ యాప్. 1966లో కంప్యూటర్ శాస్త్రవేత్త జోసెఫ్ వైజెన్‌బామ్ ‘ఎలైజా’ అనే కంప్యూటర్ ప్రోగ్రామ్‌ను పరిచయం చేశారు. మనం టైప్ చేసిన మాటనే తిప్పి ప్రశ్నగా అడగడం తప్ప దానికి పెద్దగా ఏమీ తెలియదు. అయినా ఆయన సెక్రటరీ దానితో మాట్లాడుతూ, కాసేపు గదిలోంచి వెళ్లమని ఆయన్నే అడిగారట! కాబట్టి మీకు తేలికపడటంలో వింత లేదు. మనసులోది మాటల్లో పెట్టడమే ఒక ఉపశమనం. చిక్కల్లా, ఆ యాప్ వినేది మీ పక్షం ఒక్కటే, చాలాసార్లు మీరు చెప్పినదానికే తలూపుతుంది. ‘సరే, ఆయన అలా అన్నారు. అంతకుముందు మీరేమన్నారు?’ అని అడిగేవారు మీకిప్పుడు కావాలి. రాత్రి 2 గంటలకు వెలుగుతున్న ఫోన్ పట్టుకుంటే ఆ కాస్త నిద్ర కూడా రాదు. కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం సెషన్‌కి పనికొస్తుంది.

ఆన్‌లైన్ వల్ల నష్టమేమీ లేదు. ఆందోళన, డిప్రెషన్‌లకు వీడియోలో చేసే చికిత్స ఎదురుగా కూర్చుని చేసేదానికి దాదాపు దీటుగా పనిచేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. నా అనుభవంలో ఇది బెడిసికొట్టేది ఒక్కచోటే, పక్క గదిలో ఎవరో ఉన్నప్పుడు. నేను ‘నిద్ర ఎలా ఉంది?’ అంటే ‘ఆఁ, బాగానే ఉందండీ’ అంటారు. కళ్లు మాత్రం తలుపు వైపు చూస్తుంటాయి. అలా పది నిమిషాలు గడిచాక నేనే ఆపి, మరో టైమ్ ఇస్తాను. ఒకామె పార్క్ చేసిన కారులో కూర్చుని, ఫోన్‌ను స్టీరింగ్‌కు ఆనించి మాట్లాడేవారు. ఆ కారులోనే మొదటిసారి ఏడ్చారు. మీరూ అలాంటి చోటు వెతుక్కోండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, తెరపై మీ ముఖం కనిపించకుండా సెట్ చేసుకోండి. లేదంటే చూపంతా జుట్టు మీదకే పోతుంది. సెషన్ 45 నుంచి 60 నిమిషాలు ఉంటుంది. అది అవ్వగానే ఆఫీసు మీటింగ్ పెట్టుకోవద్దు.

కౌన్సెలర్‌ను ఎంచుకునేటప్పుడు ఏం చదివారు, దంపతుల సమస్యలు చూసిన అనుభవం ఉందా, సెషన్ రికార్డు అవుతుందా అని మొహమాటపడకుండా అడగండి. మీ మాట మాత్రమే విని రెండో సెషన్‌కే ‘అతణ్ని వదిలేయండి’ అనేవారైతే, ఆ కౌన్సెలర్‌నే వదిలేయండి. తర్వాత మీవారు వస్తానంటే ఇద్దరినీ తామే చూస్తారా, వేరేవారి దగ్గరకు పంపుతారా అన్నదీ ముందే తేల్చుకోండి. ఒకరితో చాలాకాలం మాట్లాడిన కౌన్సెలర్ మీద రెండోవారికి నమ్మకం కుదరడం కష్టం.

వీటన్నిటికంటే ముందు దగ్గర్లోని ఫిజీషియన్‌ను కలవండి. దడ, నిద్రలేమి అంటే అన్నీ మనసువే కానక్కర్లేదు. థైరాయిడ్ ఎక్కువైనా, రక్తం తక్కువైనా దడ వస్తుంది. థైరాయిడ్, హిమోగ్లోబిన్, బీ12 పరీక్షలు, ఒక ఈసీజీ చేయిస్తే ఆ అనుమానం తీరుతుంది. సాయంత్రం తర్వాత కాఫీ, టీ మానండి. పీహెచ్‌క్యూ-9, జీఏడీ-7 అనే చిన్న ప్రశ్నావళులుంటాయి. మొదటిదాంట్లో తొమ్మిది ప్రశ్నలు డిప్రెషన్ గురించి, రెండోదాంట్లో ఏడు ఆందోళన గురించి. దేనిలోనైనా స్కోరు 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే సైకియాట్రిస్ట్‌కు చూపించుకోవాలి. మందులు అవసరమా కాదా అన్నది వారు చూసి చెప్పాలి, ఉత్తరం చదివి నేను చెప్పేది కాదు. ఇస్తే మాత్రం భయపడకండి. డిప్రెషన్ మందుల ప్రభావం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది, మధ్యలో సొంతంగా ఆపకూడదు. ఇంట్లో ఎవరివో నిద్రమాత్రలు అడిగి వేసుకోవడం మాత్రం వద్దు.

మీరు రాయలేదు కానీ అడగక తప్పదు. ఆయన చెయ్యి చేసుకుంటున్నారా? మీ ఫోన్ తనిఖీ చేస్తున్నారా? అలాగైతే ఇంట్లోంచి ఆన్‌లైన్ సెషన్ మీకు క్షేమం కాదు, జంటగా కౌన్సెలింగ్ కూడా అప్పుడే వద్దు. నమ్మకమైన మనిషికి చెప్పి, బయట నేరుగా సహాయం తీసుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన ఎప్పుడైనా వస్తే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మీవారికి ఏం చెప్పాలంటారా? ‘నిద్ర పట్టట్లేదు, అందుకు కౌన్సెలింగ్ తీసుకుంటున్నాను’ అనండి. అది అబద్ధమేమీ కాదు. ‘మన గొడవల గురించి’ అంటే తన మీద ఫిర్యాదు చేస్తున్నారనే అనుకుంటారు. ఐదారు సెషన్లయ్యాక మీ మాట తీరు మారడం చూసి ‘అక్కడ ఏం చెబుతుంటారు?’ అని ఆయనే అడగొచ్చు. అప్పుడు ఒక్క సెషన్‌కి రమ్మనండి.
– సైకియాట్రిస్ట్