అడగండి చెప్తా: నలభై దాటినాక ఇటుకలాట

పోయిన తడవ ఎవరో "అన్నా, రాత్రిళ్ళు నిద్ర పట్టకపోతే నువ్వేం చేస్తావు" అని అడిగితే లెగో ముక్కలు, అదే ఒకదానికొకటి అతుక్కునే ప్లాస్టిక్ ఇటుకలు, అతికించుకుంటా కూర్చుంటా అని ఒక్క లైను రాసినా, అంతే, ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైన దాని మీదే. కాబట్టి ఈ వారం మొత్తం దానికే, పెన్షన్ డౌట్లు పంపిన పెద్దలు ఏమనుకోవద్దు.

"అన్నా, నాకు 41. ఎరువుల షాపు ఉంది. మావాడు ఇంటర్‌కి విజయవాడ హాస్టల్లో చేరినాక వాడి గదిలో లెగో డబ్బా అట్నే ఉండిపోయింది. ఒకరోజు ఊరికే తీసినా, ఇప్పుడు రోజూ షాపు మూసొచ్చి గంటసేపు దాంతోనే ఉంటుండా. మా బావమరిది పెళ్ళిలో అందరి ముందు 'ఏంది బావా, మళ్ళీ ఎల్కేజీలో చేరినావంట' అన్నాడు. ఇది నిజంగా పిలకాయ వేషమేనా? నా మనసేమైనా బాగలేదా?" (ఒక సోదరుడు, కావలి)

తమ్ముడూ, ముందు మీ బావమరిదిని ఒక మాట అడుగు, దసరాకి వాళ్ళింట్లో బొమ్మలకొలువు పెడతారా పెట్టరా అని. మా నాయనమ్మ పెట్టేది, మూలాపేటలో పాతింట్లో. అటక మీద నుంచి ట్రంకుపెట్టె దించి ఒక్కో బొమ్మకి చుట్టిన పాత చీరగుడ్డ విప్పి మెట్ల మీద సర్ది, కింద తడిమట్టిలో వారం ముందే ఆవాలు చల్లి మొలిపించి అది పార్కు అనేది, పగిలిన అద్దం ముక్క పెట్టి అది చెరువు అనేది. అప్పటికి ఆమెకి డెబ్బై దాటినాయి. వీధిలో ఒక్కరంటే ఒక్కరు ముసలామెకి ఇదేం ఆట అనలేదు, పేరంటానికొచ్చి శనగలు కట్టించుకుని పోయేవాళ్ళు. అది మట్టి కాబట్టి మర్యాద, ఇది ప్లాస్టిక్ కాబట్టి ఎగతాళి.

దీన్ని మొదలుపెట్టినోడు కూడా పిలకాయేం కాదులే. డెన్మార్క్‌లో బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఓలే కిర్క్ క్రిస్టియన్సన్ అని ఒక వడ్రంగి, 1932లో చేతిలో పనుల్లేక చెక్కబొమ్మలు చేసుకుంటా మొదలుపెట్టినాడు. లెగో అనే పేరు కూడా వాళ్ళ భాషలో బాగా ఆడుకో అనే రెండు మాటల్ని కలిపి కత్తిరించిందే. పైన బుడిపెలు లోపల గొట్టాలు ఉండే ఇప్పటి ఇటుకకి పేటెంటు పెట్టింది 1958 జనవరిలో. ఆ ఏడు చేసిన ముక్క నీకు యాడన్నా దొరికితే మొన్న కొన్న ముక్కకి టక్కున అతుక్కుంటాది. మనింట్లో సెల్లు చార్జరు రెండేళ్ళకి పనికిరాకుండా పోతుంటే అరవై ఏళ్ళు దాటినా పిన్ను మారని వస్తువు ఇది.

ఈ పిచ్చి ఉన్న పెద్దోళ్ళకి బయటి దేశాల్లో ఒక పేరుంది, ఏఫోల్ అంటారు, అడల్ట్ ఫ్యాన్ ఆఫ్ లెగో అన్నమాట. వాళ్ళల్లోనే ఇంకో మాట ఉంది, డార్క్ ఏజెస్ అని. చిన్నప్పుడు ఆడి, మీసాలొచ్చే టైముకి సిగ్గుపడి మానేసి, మళ్ళీ ముప్ఫైల్లోనో నలభైల్లోనో తిరిగొచ్చేదాకా మధ్యలో ఉండే చీకటి కాలం. మనకి ఆ లెక్క కుదరదు. నా చిన్నప్పుడు మా వీధిలో ఈ ఇటుకలు చూసినోడే లేడు, కాస్త ఉన్నోళ్ళ ఇంట్లో మెకానిక్స్ అని ఇనప పట్టీలు, నట్లు, బోల్టులు ఉండే డబ్బా ఉండేది, దాన్ని మనల్ని ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. మనకి పెన్నలో ఇసక ఉండేది, తడి ఇసకలో కాలు పెట్టి పైన తట్టి తట్టి మెల్లిగా కాలు లాగితే పిచ్చుకగూడు. అందుకని మనకి మధ్యలో చీకటి పడలేదు తమ్ముడూ, అసలు తెల్లారిందే నలభైలో.

మనసు బాగలేదా అని అడిగినావు. నేను డాక్టర్ని కాదు, నిద్ర తిండి వ్యాపారం సరిగ్గా నడుస్తుంటే మాత్రం భయపడాల్సిందేం నాకు కనపళ్ళా. రోజంతా అప్పులు రాసుకుని బస్తాలు లెక్కేసే మనిషికి, చేత్తో పెట్టింది పెట్టినచోట నిలబడే పని ఒక గంట దొరికితే అది హాయిగానే ఉంటాది. కాకపోతే నువ్వు కూర్చునేది కొడుకు గదిలో, వాడు వదిలేసిపోయిన డబ్బాతో, అందులో ఆటెంతో బెంగెంతో నీకే తెలియాల. వాడు కట్టిపెట్టిన బండో పోలీస్ స్టేషనో ఉంటే అది ఊడదీసే ముందు మాత్రం వాడికొక ఫోన్ కొట్టు. నేను కొట్టలా. మా పాప హాస్టల్ నుంచి వచ్చి షెల్ఫ్ చూసి రెండ్రోజులు మాట్లాడలా, ఆ విషయం ఇప్పటికీ పండగలప్పుడు ఎత్తిపొడస్తాది.

బావమరిదికి ఒక పని చెప్పు. ఒకే రంగువి ఎనిమిది బుడిపెల ఇటుకలు, రెండు వరసల్లో నాలుగేసి బుడిపెలుండేవి, రెండిస్తే 24 రకాలుగా అతికించొచ్చు. ఆరిస్తే 91,51,03,765 రకాలు, తొంభై ఒక్క కోట్లు పైన, లెక్కల ప్రొఫెసర్లు కంప్యూటర్ పెట్టి తేల్చిన నంబరు. ఆరు ముక్కలు చేతిలో పెట్టి ఒక పది రకాలు చెయ్యమను. పదో దానికల్లా ఆయనే కింద చాప మీద కూర్చోనుంటాడు.

"రిటైరై రెండేళ్ళైంది. అమెరికాలో మా అల్లుడింట్లో చూసి ఆశ పుట్టింది. ఇక్కడ రేట్లు చూస్తే గుండె ఆగినంత పనైంది. ఎందుకంత ధర? వేరే కంపెనీల చవక ముక్కలు కొనొచ్చా? నా కళ్ళు, వేళ్ళు కూడా మునుపటిలా లేవు." (ఒక పెద్దాయన, ఒంగోలు)

ధరకి ఒక కారణం మన దిగుమతి సుంకం సార్. బయటి నుంచి వచ్చే బొమ్మల మీద 20 శాతం ఉన్నదాన్ని 2020లో 60 చేసినారు, 2023లో 70కి పెంచినారు. పైగా 2021 జనవరి నుంచి బొమ్మలకి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి, పిలకాయలు నోట్లో పెట్టుకునే సరుకు కాబట్టి ఆ రూలు మంచిదే.

వేరే కంపెనీలవి కొనడం తప్పు కాదు. అసలు ఇటుక పేటెంటు గడువు ఎప్పుడో తీరిపోయింది, ఆ ఆకారం మా ఒక్కరిదే ట్రేడ్‌మార్కు ఇవ్వండి అని కంపెనీ యూరప్ కోర్టుకి పోతే 2010లో కుదరదనేసినారు. డబ్బా మీద వేరే కంపెనీ తన పేరు తాను పెట్టుకుని అమ్మితే దొంగ సరుకు కాదు. డబ్బా బొమ్మతో సహా కాపీ కొట్టింది దొంగ సరుకు. నేను చెన్నైలో ఒక షాపులో సగం ధరని ఎగబడి కొన్నా, ఇంటికొచ్చి చూస్తే కొన్ని ముక్కలు అతుక్కోవు, కొన్ని అతుక్కుంటే ఊడవు, వంతెన కడితే నడుం వంగిపోయింది. మీకొక చిన్న పరీక్ష చెప్తా, పది ఇటుకలు ఒకదాని మీద ఒకటి పెట్టి కడ్డీలాగా చేసి పైముక్క పట్టుకుని కాస్త ఊపండి, ఊడి పడకూడదు, వంకర పోకూడదు, మళ్ళీ విప్పితే గోరు విరగకూడదు. ఇది పాసైతే ఏ కంపెనీదైనా నాకు ఓకే.

మొదట్లోనే పెద్ద సెట్టు జోలికి పోవద్దు సార్. 2008లో తాజ్‌మహల్ సెట్టు వచ్చింది, 5,922 ముక్కలు, 2022లో వచ్చిన ఈఫిల్ టవర్‌కి 10,001. అవి కట్టడం గొప్పే, కానీ కట్టినాక ఏంది? హాల్లో పెడతాం, దుమ్ము పడతాది, చుట్టాలొచ్చి ఎంతైంది అని అడుగుతారు, మళ్ళీ ముట్టుకోం. ఇది నా గోల, మా గ్యాంగులో సగం మంది ఒప్పుకోరు, కానీ ఊడదీసి మళ్ళీ కట్టనోడికి సగం ఆట తెలియనట్టే లెక్క. క్లాసిక్ అని మామూలు ఇటుకలు, కిటికీలు, చక్రాలు కలిపి వచ్చే చిన్న డబ్బా ఒకటి చాలు, దాంతోనే ఇయ్యాల ఇల్లు, రేపు లారీ, ఎల్లుండి ఒంగోలు గిత్త. గిత్త మూపురం దగ్గర అందరూ ఇరుక్కుంటారు, మీరూ ఇరుక్కుంటారు, సరదా అక్కడే ఉంది.

కళ్ళ సంగతికొస్తే, పసుపుపచ్చ బల్బు కింద నలుపు, ముదురు నీలం, ముదురు గోధుమ మూడూ ఒకటే మాదిరి కనపడతాయి, తెల్లలైటు టేబుల్ ల్యాంపు పెట్టుకోండి. ముక్కల్ని రంగుల ప్రకారం కాకుండా ఆకారం ప్రకారం వేరుచేసి ఐస్‌క్రీం డబ్బాల్లో పోసుకోండి, ఒకే ఆకారం కుప్పలో ఎర్రది వెతకడం కంటికి సుళువు, ఎర్రటి కుప్పలో చిన్న ముక్క వెతకడం నరకం. కట్టే పద్ధతి ఫోన్ యాప్‌లో పెద్దది చేసుకుని చూడొచ్చు. ఊడదీయడానికి చిన్న ప్లాస్టిక్ పరికరం వస్తాది, దాన్ని వాడండి, పళ్ళు పెట్టొద్దు. రిటైరైన పళ్ళతో అసలొద్దు.

"రాత్రి నీళ్ళకి లేచి మా ఆయన ముక్క మీద కాలేసినా. ప్రాణం పోయింది. అంత నొప్పెందుకు?" (ఒక సోదరి, గూడూరు)

ఆ ప్లాస్టిక్ ఏబీఎస్ అమ్మా, గట్టి రకం, మన బరువంతా చిన్న మూల మీద పడినా అది నలగదు, వంగదు, నలిగేది మన పాదమే. ఆయన్ని దుప్పటి పరుచుకుని దాని మీద ఆడమను, అయిపోయినాక నాలుగు మూలలూ పట్టి మూట కట్టేస్తే సరిపోతాది.

"అన్నా, పాత ముక్కలు జిడ్డు పట్టినాయి. తెల్లవి పసుప్పచ్చ అయిపోయినాయి. వాషింగ్ మిషన్లో వేయొచ్చా?" (వేదాయపాళెం కుర్రోడు, నెల్లూరు)

వద్దు. గోరువెచ్చని నీళ్ళు, 40 డిగ్రీలు దాటకూడదు, కాస్త గిన్నెల సబ్బు, పాత టూత్‌బ్రష్షు. స్టిక్కర్లు అంటించినవి, మోటారు ఉన్నవి పక్కన పెట్టు. కడిగి చిల్లుల గిన్నెలో వార్చి తువ్వాలు మీద నీడలో, ఫ్యాను కింద ఆరబెట్టు. నేను రోహిణికార్తెలో మేడ మీద ఎండలో పోసి, భోంచేసి కాస్త కునుకు తీసి పోయి చూస్తే సన్నటి పలక ముక్కలు అప్పడాల మాదిరి లేచినాయి.

పసుపు రంగు ఎండలోని యూవీ వల్ల వస్తాది, కిటికీ పక్కన షెల్ఫ్ ఉంటే ముందు దాన్ని జరుపు. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచి వెలుతుర్లో పెడితే చాలావరకు తెల్లబడతాయి, చేతికి గ్లవ్స్ వేసుకో, పిలకాయల్ని దగ్గరికి రానీబాక. కానీ మళ్ళీ పసుపెక్కొచ్చు. నేనైతే అట్టాంటి ముక్కలన్నీ దాచి పెట్టుకుంటా, పాత సున్నం గోడలు కట్టాలంటే అంత బాగా కుదిరే రంగు కొత్త డబ్బాలో దొరకదు.

"మా ఆయన బాక్సులు ఆఫీసు అడ్రస్‌కి తెప్పించుకుని మంచం కింద దాస్తున్నారు. అడిగితే ఆఫర్లో వచ్చిందంటారు. ఫ్రిజ్ ఈఎంఐ ఇంకా నడుస్తా ఉంది. చాలా బాక్సులు సీలు కూడా తీయలేదు." (ఒక సోదరి, కందుకూరు)

అమ్మా, నేను ఆయన పార్టీ అనుకుని రాసినట్టున్నావు, కాదు. సీలు తీయని డబ్బా మంచం కింద ఉందంటే ఆయన ఆడుకోవడం లేదు, కొనుక్కుంటున్నాడు, రెండూ వేరే జబ్బులు. నేనూ ఒక ఏడాది అట్నే చేసినా, పార్శిల్ కుర్రోడితో సందు చివర నిలబడమని చెప్పేవాణ్ణి. మా ఇంటావిడ ఒక్క మాట కూడా తిట్టలా. డబ్బాలన్నీ బయటికి తీసి వరస పెట్టి ఒక్కోదాని మీద ధర చీటీ అంటించింది. మొత్తం కూడింది కూడా నాచేతే. తర్వాత ఒప్పందం చేసుకున్నాం, నెలకింత అని, చేతిలోది కట్టి ఊడదీసేదాకా కొత్తది రాకూడదని. సీలుతో ఉన్నవి కొన్ని అమ్మేసినాం కూడా, కంపెనీ చెయ్యడం ఆపేసిన సెట్లకి కొనేవాళ్ళుంటారు. అట్టని ఇదేదో బంగారం కొన్నట్టు పెట్టుబడి అని ఆయన చెప్తే మాత్రం నమ్మబాక. మన వైపు గాలికి, చెదలకి అట్టపెట్టెలు ఎన్నేళ్ళుంటాయి చెప్పు.

"సార్, నేను డిప్లొమా సివిల్. మన రంగనాథస్వామి గుడి గాలిగోపురం ముక్కల్తో కట్టాలని కోరిక. ఎట్టా మొదలుపెట్టాలి?" (ఒక విద్యార్థి, నెల్లూరు)

ఈ ఉత్తరం చదివి నాకే ఊపొచ్చింది. సొంతంగా ఆలోచించి కట్టేదాన్ని మావాళ్ళు మాక్ అంటారు, మై ఓన్ క్రియేషన్ అని. పొద్దున్నే ఎండ ముఖాన పడే టైముకి పోయి బాగా దూరంగా నిలబడి జూమ్ చేసి ఫోటో తియ్యి, దగ్గర నుంచి తల పైకెత్తి తీస్తే గోపురం వెనక్కి వాలినట్టొచ్చి కొలతలన్నీ తప్పుతాయి. అంతస్తులు లెక్కపెట్టు, ఒక్కో అంతస్తు కిందిదానికంటే ఎంత లోపలికి పోయిందో చూసుకో.

ఆ తర్వాత గళ్ళ నోటు తెచ్చుకుంటావు, ఒక గడి ఒక ఇటుక అని గీస్తావు, అక్కడే దెబ్బ తింటావు. బుడిపెకి బుడిపెకి మధ్య 8 మిల్లీమీటర్లు, ఇటుక ఎత్తు 9.6. గడికొక ఇటుక పెడితే గోపురం ఇరవై శాతం సాగిపోయి కొబ్బరిచెట్టు మాదిరి వస్తాది. ఆరు బుడిపెల వెడల్పు, ఐదు ఇటుకల ఎత్తు సమానం, ఇది గోడ మీద రాసి పెట్టుకో. సన్న పలకలు మూడు కలిస్తే ఒక ఇటుక, అంటే ఒక్కోటి 3.2, ఎత్తు సర్దడానికి అవే దిక్కు.

అంతస్తు అంతస్తుకి ఒక బుడిపె చొప్పున లోపలికి జరిపితే మెట్ల బావి తిరగేసినట్టుంటాది. జంపర్ ప్లేట్ అని నడిమధ్యలో బుడిపె ఉండే ముక్క ఉంది, దాంతో సగం బుడిపె, అంటే 4 మిల్లీమీటర్లే జరపొచ్చు, గోపురం వాలు అప్పుడొస్తాది. ముందు కంప్యూటర్లో కట్టి చూసుకోవడానికి స్టూడియో అని ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది, ఎన్ని ముక్కలు కావాలో లిస్టు కూడా ఇస్తాది, డిప్లొమా వాడివి కాబట్టి రెండ్రోజుల్లో పట్టేస్తావు.

విగ్రహాల దగ్గర మాత్రం ఆశకి పోబాక. ఒక్కో బొమ్మకి చేతులు కాళ్ళు పెట్టాలని చూస్తే పెళ్ళీడు దాటిపోతాది. కొళాయి ముక్కలు, చిన్న ఏటవాలు ముక్కలు, పక్కకి బుడిపె ఉండే ముక్కలు ఎడాపెడా గుచ్చేసి ఐదడుగులు వెనక్కి పోయి చూడు, అవే దేవుళ్ళైపోయి కనపడతాయి. మొత్తం ముక్కలు ఒకేసారి కొనబాక. కింద రాతి అంతస్తు, వాకిలి, అంతవరకే బూడిద రంగులో కట్టి ఫోటో పంపు, వాకిలి ఎత్తు సరిపోయిందా లేదా చూసి పైన ఏం చెయ్యాలో అప్పుడు రాస్తా.